చెన్నపట్నం సభలలో తెలుగు శ్రోత

మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, మైలాపూరు సభలకు వెళ్లే అలవాటున్నవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. వేదికపై గాయకుడు ఆలాపన ముగించి కీర్తన ఎత్తుకుంటాడు. సాహిత్యం తెలుగు. పక్క కుర్చీలోని పెద్దావిడ చేతిసంచిలోంచి అట్ట మాసిన నోటు పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంటుంది. అందులో ఆ కీర్తన తమిళ లిపిలో రాసి ఉంటుంది. క, గ లకూ ప, బ లకూ భేదం తెలియడానికి అక్షరాల నెత్తిన చిన్న చిన్న అంకెలు వేసి ఉంటాయి. ఆవిడ మాతృభాష తెలుగు కాదు. అయినా పల్లవి నుంచి చరణం దాకా ఒక్క మాట పోనీయకుండా వింటుంది. అదే వరుసలో తెలుగు ఇంటినుంచి వచ్చినవారెవరని వెతికితే తరచు ఒక్కరూ కనిపించరు.

మరొక సాయంత్రం, మరొక మందిరం. ఆంధ్రదేశం నుంచి వచ్చిన బృందం పద్యనాటకం ఆడుతుంది. ముందు రెండు వరుసలలో నిర్వాహకులు, వారి బంధువులు, సన్మానం అందుకోవలసిన పెద్దలు ఉంటారు. ఆ వెనుక అక్కడక్కడ నలుగురైదుగురు. సన్మాన కార్యక్రమం ముగిసేసరికి ముందు వరుసలు సగం ఖాళీ అవుతాయి. హార్మోనియం శ్రుతికి కృష్ణ పాత్రధారి పద్యం ఎత్తుకుని, చివరి రాగం సాగదీసి ఆపినప్పుడు, ‘వన్స్ మోర్’ అనే గొంతు ఏదీ వినిపించదు. పద్యనాటకం పాడే నటుడికి ఆ కేక కూలిడబ్బుతో సమానమని ఆ రంగంతో పరిచయం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి సాయంకాలాల తరువాత వినవచ్చే మాట ఒకటే: ‘మనవాళ్లకు కళాభిరుచి పోయింది.’ అనడానికి సులువైన మాట. కాని ఇందులో నిజం కొంతే. అభిరుచి అనేది మనిషి ఒంటరిగా ఇంట్లో దాచుకునే వస్తువు కాదు. శ్రోతను ఇంటి గుమ్మం నుంచి సభ గుమ్మం దాకా నడిపించిన ఏర్పాట్లు ఒకప్పుడు ఈ నగరంలో ఉండేవి. అవి ఒక్కొక్కటిగా ఎలా సడలిపోయాయో తెలుసుకుంటే ఖాళీ కుర్చీల కథ చాలావరకు అర్థమవుతుంది.

సెంట్రల్ స్టేషనుకూ రిప్పన్ భవనానికీ నడుమ ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలును ఈ నగరంలో అడుగుపెట్టిన ప్రతి తెలుగువాడూ చూసే ఉంటాడు. రైలు దిగి బయటికి రాగానే కంటబడే కట్టడాలలో అదొకటి. అయితే దాని శంకుస్థాపన 1883 డిసెంబరులో విజయనగర సంస్థానాధీశులు పూసపాటి ఆనంద గజపతిరాజు చేతులమీదుగా జరిగిందని తెలిసినవారు తక్కువ. ‘కన్యాశుల్కం’ రచించిన గురజాడ అప్పారావును ఆదరించిన ప్రభువు ఆయనే. నగర పౌరులు చందాలు పోగుచేసి, సంస్థానాధిపతుల విరాళాలు తోడు తెచ్చుకుని కట్టుకున్న పురమందిరమిది. కింది అంతస్తులో ఒకటి, పై అంతస్తులో ఒకటి, సుమారు ఆరువందలమంది చొప్పున కూర్చోగల రెండు విశాలమైన శాలలు, వాటికి తోడు కొయ్యతో కట్టిన గ్యాలరీ ఇందులో ఉన్నాయి. 1897లో వివేకానందుడు ఇక్కడ ప్రసంగించాడు.

మన చరిత్రకు సంబంధించిన ముచ్చట 1891 నాటిది. బళ్ళారిలో న్యాయవాది అయిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన సరస వినోదినీ సభను వెంటబెట్టుకుని చెన్నపట్నం వచ్చి, ఈ హాలులో తెలుగు నాటకాలు ఆడించాడు. విషాదాంత నాటకాన్ని తెలుగు రంగస్థలానికి పరిచయం చేసిన రచయిత ఆయన. నటుడు బళ్ళారి రాఘవకు మేనమామ. ఆ ప్రదర్శనలు చూసినవారిలో పద్దెనిమిదేళ్ల తమిళ యువకుడొకడు ఉన్నాడు. చదువుకున్నవారు, ఉద్యోగస్థులు వేషం కట్టి రంగమెక్కడం అతనికి ఆశ్చర్యం కలిగించింది. అదే ఏడాది మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ స్థాపించాడు. అతడే పమ్మళ్ సంబంధ ముదలియార్. ఆధునిక తమిళ నాటకరంగానికి పితామహుడని తమిళులు గౌరవించే వ్యక్తి. ఆ సభ దశాబ్దాలపాటు ఈ హాలునే నెలవు చేసుకుని, 1936లో మౌంట్ రోడ్డుకు తరలింది. తమిళంతోపాటు తెలుగు నాటకాలూ ఆడింది. ఒక తెలుగు ప్రదర్శన నిండిన సభలో జరిగినందువల్ల పొరుగు భాషవారి నాటకరంగం మలుపు తిరిగిందన్నమాట. ఆనాడు ఆ కుర్చీలు ఖాళీగా ఉండి, బళ్ళారి బృందం మరుసటి రైలెక్కి వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. తరువాతి కాలంలో ఆ హాలు ప్రదర్శనలకు దూరమై చాలాకాలం మూతపడి ఉంది. ఇటీవలి సంవత్సరాలలో నగర పాలక సంస్థ దాని పునరుద్ధరణ పనులు చేపట్టింది. గోడలు, పైకప్పు, మెట్లు బాగుచేయడం ఇంజనీర్ల పని. శ్రోతలను తీసుకురావడం వారివల్ల అయ్యేది కాదు.

ఇక సభలు నిండిన రహస్యమేమిటి? చెన్నపట్నంలో ‘సభ’ అంటే భవనం మాత్రమే కాదు, చందాదారుల సంఘం కూడా. 1900లో తిరువల్లిక్కేణిలో పుట్టిన పార్థసారథిస్వామి సభ మొదలు, 1927 నాటి కాంగ్రెసు మహాసభలతోపాటు జరిగిన సంగీత సమ్మేళనం ఫలితంగా మరుసటి ఏడు వెలసిన మ్యూజిక్ అకాడమీ వరకు, అన్నిటికీ ఆధారం సభ్యత్వమే. గృహస్థు ఏడాదికొకసారి చందా కడతాడు. ప్రతినెలా రెండో మూడో కార్యక్రమాలుంటాయి. కచేరీయో, నాటకమో, హరికథో. కార్యక్రమం ఏదైనా ఆ సాయంత్రం సభకు వెళ్లడం అలవాటు. ‘ఈవేళ ఎవరు?’ అని దారిలో అడిగేవారే గాని, ‘వెళ్దామా వద్దా’ అని ఇంట్లో చర్చించేవారు కారు. కూర్చునే చోటు ఇంచుమించు ఖాయం. పక్కన కూర్చునే మనిషీ ఖాయమే. ఒక నెల రాకపోతే మరుసటి నెల ‘ఒంట్లో బాగాలేదా?’ అని పరామర్శ. అంతగా పేరులేని గాయకుడికీ, కొత్త నాటకానికీ సభ నిండింది ఈ అలవాటు మూలంగానే. ఇప్పుడు మనం ఒక్కొక్క కార్యక్రమాన్నీ విడిగా తూకం వేసి, పేరు చూసి, టికెట్ ధర చూసి, వర్షం చూసి నిర్ణయించుకుంటున్నాము. అట్లా తూకం వేసిన ప్రతిసారీ గెలిచేది ఇంట్లోని సోఫాయే.

తెలుగు ప్రేక్షకుల విషయంలో మరొక ప్రత్యేక కారణం ఉంది. త్యాగరాయనగర్ పేరే పిట్టి త్యాగరాయ శెట్టి గారిది. దాని నడిబొడ్డున ఉన్న పానగల్ పార్కు మన పానుగంటి రామరాయణింగారి జ్ఞాపకం. ఆ పేటలో వాణీ మహల్ వెలయడానికి 1940లలో పూనుకున్నవాడు చిత్తూరు నాగయ్య. ‘త్యాగయ్య’ సినిమాలో నటించి, దర్శకత్వం వహించిన చేతులతోనే ఆయన ఈ నగరానికి ఒక సంగీత వేదికనూ ఇచ్చాడు. వడపళని, కోడంబాక్కం స్టూడియోల చుట్టూ రచయితలు, గాయకులు, వాద్యకారులు, నృత్యదర్శకులు, వారి కుటుంబాలు వందలాదిగా కాపురముండేవారు. వెంపటి చినసత్యం 1963లో ఇక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పారు. కొత్త నృత్యనాటకం సభకెక్కితే చూడడానికి, మెచ్చుకోవడానికి, తప్పులెన్నడానికి కూడా తెలిసినవారు కూతవేటు దూరంలోనే ఉండేవారు. 1970ల నుంచి తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలిపోయింది. దానితో తరలినవారు తారలు మాత్రమేనని మనం అనుకుంటాము. వారితోపాటు సభల్లో మూడో వరుస, నాలుగో వరుస కూడా తరలిపోయాయి. ఆ ఖాళీని పూరించడానికి ఏ సంఘమూ ప్రత్యేకంగా యత్నించినట్టు కనిపించదు. పెద్దలు ఉన్నారు కదా, వస్తారు కదా అన్న ధీమాతో ఒక తరం గడిచిపోయింది.

ఆ తరువాత వచ్చినవారు వేరు. గత పాతికేళ్లలో ఈ నగరానికి వచ్చిన తెలుగువారిలో ఎక్కువమంది పాత మహాబలిపురం రోడ్డు పొడుగునా, వేళచ్చేరి, పళ్లికరణై, షోళింగనల్లూరు పరిసరాలలో స్థిరపడ్డారు. 2011లో నగర పాలక సంస్థ సరిహద్దులు పెరిగినప్పుడు సుమారు 175 చదరపు కిలోమీటర్లున్న నగరం 426 చదరపు కిలోమీటర్లయింది. నగరం పెరిగినంతగా సభలు పెరగలేదు. అవి మైలాపూరు, త్యాగరాయనగర్, తిరువల్లిక్కేణి, ఎగ్మూరుల్లోనే ఉండిపోయాయి. సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే కచేరీకి షోళింగనల్లూరు నుంచి ఉద్యోగి రావాలంటే ఐదు దాటకముందే బయలుదేరాలి. ఏ అధికారి ఒప్పుకుంటాడు? ఆరున్నర అనే ముహూర్తం, పది నుంచి ఐదు దాకా పనిచేసి, నడిచి ఇల్లు చేరి, కాఫీ తాగి సభకు వచ్చే గుమాస్తా కాలంలో నిర్ణయమైంది. ఆ గుమాస్తా లేడు. ముహూర్తం మాత్రం మారలేదు.

దూరదర్శన్ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. 1975 ఆగస్టు 15న మద్రాసు కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టింది. శుక్రవారం సాయంత్రం సినిమా పాటల ‘ఒలియుం ఒళియుం’, ఆదివారం సాయంత్రం సినిమా వచ్చే వేళకు వీధులు నిర్మానుష్యమయ్యేవని ఆనాటివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. సభానాటకాలకు అసలైన రోజులు ఆ వారాంతపు సాయంకాలాలే. దెబ్బ మొదట నాటకం మీద పడింది. సంగీతం కొంతకాలం తట్టుకుంది. ఆపైన క్యాసెట్లు, డిస్కులు వచ్చాయి. 2020 నాటి మహమ్మారి కాలంలో సభలు మూతపడి కచేరీలన్నీ తెరమీదికి ఎక్కాయి. ఆ ఏర్పాటు ఆ కష్టకాలంలో కళాకారులను ఆదుకుంది, కాదనలేము. ఊరు కదలలేని వృద్ధులకు, విదేశాల్లోని పిల్లలకు ఇప్పటికీ అది వరమే. కాని తెరమీద వినే మనిషి మధ్యలో ఫోను తీస్తాడు, పోపు మాడుతోందని లేస్తాడు, ఆలాపన దాటవేసి పాటకు వెళ్తాడు. గాయకుడికి ఎదురుగా ఎవరూ తల ఊపరు. మనోధర్మ సంగీతం సగం ఎదుటివారి ముఖాలు చూసి పుట్టేది. ఎదురుగా ఖాళీ కుర్చీలున్నప్పుడు కళాకారుడు నేర్చినది అప్పజెప్పి ఊరుకుంటాడు.

ఇంతా చెప్పి, డిసెంబరులో టికెట్ దొరకదే అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, పేరుమోసిన నలుగురైదుగురి సాయంత్రపు కచేరీలకు దొరకదు. అదే మందిరంలో మధ్యాహ్నం రెండు గంటలకు ప్రవేశ రుసుము లేకుండా జరిగే యువకళాకారుల కచేరీకి వెళ్లి చూడండి. వేదికమీద ఉన్నవారిని మినహాయిస్తే మిగిలేది వారి తల్లిదండ్రులు, గురువు, చల్లదనానికి వచ్చి కునికే ఒకరిద్దరు. ఏడాది పొడుగునా పలచగా పారవలసిన ఏరు ఒక్క నెలలో వరదై, మిగతా నెలలు ఇసుక తేలుతోంది. నిర్వాహకుల లెక్క మరోలా ఉంటుంది. హాలు అద్దె, శీతల యంత్రాలు, మైకు, దీపాలు, బృందం రాకపోకలు, బస. నాటకానికైతే తెరలు, దుస్తులు, మేకప్, వేదికపై ఒక పూట సాధన కూడా. వచ్చినవారు నలభైమందైతే మరుసటి ఏడు ఆ పద్దు కొట్టివేసి సినీసంగీత విభావరి పెడతారు. వారిని నిందించి లాభం లేదు. కొన్నిచోట్ల కళాకారుడే అద్దె భరించి ఆడే పరిస్థితి వచ్చింది. అప్పుడు వేదిక ఎవరికి దక్కుతుందో చెప్పనవసరం లేదు: విద్య ఉన్నవారికి కాదు, స్తోమత ఉన్నవారికి.

తెలుగువారికి ఇందులో మరింత దగ్గరి నష్టం ఒకటుంది. కర్ణాటక సంగీత సాహిత్యంలో సింహభాగం తెలుగు. త్యాగరాజస్వామి ఈ నగరానికి వచ్చి, ఇప్పుడు మన పాలక సంస్థ పరిధిలోనే ఉన్న తిరువొత్తియూరు త్రిపురసుందరీ అమ్మవారి మీద ఐదు కీర్తనలు రచించారు. ఈ సాహిత్యాన్ని ఇప్పుడు పాడేవారు ఎక్కువగా తెలుగేతరులు, వినేవారు తెలుగేతరులు. వారి శ్రద్ధకు మనం ఋణపడి ఉన్నాము. నోటు పుస్తకం మీది ఆ చిన్న అంకెలే అందుకు సాక్ష్యం. అయితే పాటలో మాట తాళానికి లొంగి విరుగుతుంది. ఎక్కడ విరవాలో తెలియకపోతే ఒక మాట తోక మరో మాట తలకు అతుక్కుంటుంది. ప్రార్థన కాస్తా అర్థంలేని అక్షరాల వరుసవుతుంది. ఒకప్పుడు కచేరీ ముగిశాక వేదిక పక్కకు వెళ్లి, ‘బాబూ, ఆ మాట ఇలా విడదీస్తే బాగుంటుంది’ అని నెమ్మదిగా చెప్పే తెలుగు పెద్దలు ఉండేవారు. సాహిత్యం అర్థం అడిగి తెలుసుకుని మరీ పాడే తమిళ విద్వాంసులు ఇప్పటికీ ఉన్నారు. అడిగినప్పుడు చెప్పడానికి సభలో మనం ఉండాలి కదా.

పైగా మన పిల్లలలో తెలుగు మాట్లాడేవారు చాలామంది, చదవగలవారు కొద్దిమంది. బడిలో రెండో భాషగా తెలుగు చదివే అవకాశం తగ్గింది. లిపి రాని పిల్లవాడికి పోతన పద్యమైనా, క్షేత్రయ్య పదమైనా చెవిద్వారానే చేరాలి. ఆ చెవికి ఈ నగరంలో ఉన్న కొద్దిపాటి ఆధారాలలో సభ ఒకటి. 1940లలో ఇక్కడ తమిళ ఇసై ఉద్యమం బయలుదేరినప్పుడు, శ్రోతకు అర్థమయ్యే భాషలో పాట వినిపించాలని తమిళులు కోరారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. ఆ కోరిక న్యాయమైనదని నా అభిప్రాయం. వారు తమ భాషకోసం సభకు వెళ్లి కూర్చున్నారు. మన భాషలో పాట ఇప్పటికే వేదికమీద ఉంది. మనం వెళ్లడం లేదు.

ఇదంతా చదివి, ప్రతి సభా కిక్కిరిసి ఉండాలని ఈ వ్యాసం కోరుతున్నదని అనుకోవద్దు. జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ తన ఇంట శుక్రవారం సాయంకాలాల్లో వీణ వాయిస్తూ పాడుతుంటే వినడానికి వచ్చేవారు కొద్దిమంది. ఆ చిన్న గదిలో వినిపించినవాటిలో క్షేత్రయ్య తెలుగు పదాలకు ప్రత్యేక స్థానం ఉండేది. ఆమె 1938లో మరణించింది. ఆ పదాలు ఆమె మనుమరాళ్లు బృంద, ముక్తల ద్వారా నేటివరకు అందివచ్చాయి. కొద్దిమంది శ్రోతలు చాలు, వారు మళ్లీ మళ్లీ వచ్చేవారైతే. ఆరువందల కుర్చీల హాలులో నలభైమందిని చూసి దిగులుపడే నిర్వాహకులు వంద కుర్చీల చోటు ఎందుకు వెతకరాదని అడగవలసి ఉంది. నలభైమంది వందలో కూర్చుంటే అది సభ. ఆరువందలలో చెదిరి కూర్చుంటే అది పరాభవం. రాయపేట హైరోడ్డులోని అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం వంటి చోట్ల జరిగే తెలుగు సాహిత్య సమావేశాలు ఈ కొలతకు దగ్గరగా ఉంటాయి.

కొత్తగా ఈ నగరానికి వచ్చిన కుటుంబాలకు ఉపయోగపడే రెండు మూడు సంగతులు. తరమణి, తిరువాన్మియూరు ప్రాంతాలవారికి మైలాపూరు అనుకున్నంత దూరం కాదు. వేళచ్చేరి నుంచి వచ్చే లోకల్ రైలు ఎక్కితే తిరుమయిలై స్టేషనులో దిగవచ్చు, రోడ్డుమీది రద్దీతో పని లేదు. ఎగ్మూరు మ్యూజియం థియేటరుకు, సెంట్రల్ పక్కనున్న విక్టోరియా హాలుకు మెట్రో ఉంది. వారం మధ్యలో కుదరనివారు శని, ఆదివారాల ఉదయపు కార్యక్రమాలు చూసుకోవచ్చు. పిల్లలను మొదటే మూడు గంటల గాత్ర కచేరీకి తీసుకువెళ్లి కదలకుండా కూర్చోబెట్టడం వారికీ శిక్షే, పక్కవారికీ శిక్షే. కూచిపూడి నృత్యనాటకంతోనో, కథ తెలిసిన పద్యనాటకంతోనో మొదలుపెట్టడం మేలు. బయలుదేరేముందు ఆ కథ, ఒకటి రెండు పద్యాల భావం ఇంట్లో చెప్పి ఉంచితే వారు తెరలేచే దాకా ఆగలేరు. సభ నిర్వాహకులకు మీ పేరు, చిరునామా ఇచ్చి కార్యక్రమాల వివరాలు పంపమని అడగండి. సభ్యత్వ రుసుము చాలాచోట్ల కుటుంబం సినిమాలకు పెట్టే ఖర్చుకన్నా బరువైనదేమీ కాదు. మీ అపార్టుమెంటులో మరో రెండు తెలుగు కుటుంబాలుంటే ఒకే కారులో వెళ్లిరావచ్చు. ఒకరు బద్ధకించిన రోజున మరొకరు తలుపు తడతారు.

గాత్ర కచేరీకి వెళ్లినప్పుడు మృదంగం తనియావర్తనం మొదలుకాగానే లేచి క్యాంటీను వైపు నడవడం ఇక్కడి పాత రసికులలో కొందరికి ఆచారం. వారినుంచి ఎన్నో నేర్చుకోవచ్చు. అది మాత్రం నేర్చుకోనక్కరలేదు. దోసె పావుగంట తరువాతా దొరుకుతుంది.